పరదేశారణ్యములు - మన పాలు



నేటి నా ప్రసంగమునకు విషయము పరదేశారణ్యములు. ఈ మాట వినగానే "మన ఊరి గుట్టమీది చెట్లనే కాపాడుకొనలేకున్నాము, సముద్రముల కావలి అడవుల గొడవ మనకేల?" యని మీలో కొందరైనను అనుకొందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము వెదకుటయే నేటి పని. నేను జగిత్యాలలోను, కోరుట్లలోను, సిరిసిల్లలోను పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అరణ్యశాస్త్రము చదివినవాడను కాను. అయినను, జరిగిన తప్పులో ఎవరి పాలెంత యను విచారణ మన పెద్దలు తరతరములుగా చేయుచు వచ్చినదే. ఆ దారిని నడచి ఈ విషయమును చూచుటకు పండితుడే కానక్కరలేదు. ఊరి తగవులు తీర్చిన అనుభవమున్న మీవంటి పెద్దలకు అది మరింత సుకరము.

మొదట ఆ అడవులకును మనకును గల సంబంధమెట్టిదో తెలిసికొందము. అది మన వంటయింటిలోనే యున్నది. నూనె యను మాట నువ్వునుండి పుట్టినది. నూ, నెయ్యి అను రెండు పదములు కలసి నూనె యైనది. సంస్కృతమునందును తిలనుండి పుట్టినదే తైలము. అనగా మన పూర్వులకు నూనె యన్నచో నువ్వుల నూనెయే. మా చిన్ననాట మన పల్లెలలో నువ్వులో, పల్లీలో గానుగకిచ్చి, నూనె యొక పాత్రతోను, పిండి యొక మూటతోను ఇంటికి తెచ్చుకొనెడివారము. ఆ నూనె యే చేనిదో, ఆ చేను ఎవరిదో మనకు తెలిసియుండెను. జగిత్యాల చెంత పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానమువారు నువ్వులలో క్రొత్త రకములను గూడ వెలయించిరి.

ఇప్పుడట్లు కాదు. పామాయిల్ అను నూనె మన దేశమంతట వ్యాపించినది. ఆ చెట్టు పుట్టినిల్లు పశ్చిమాఫ్రికా. నేడు ప్రపంచమునందలి పామాయిల్‌లో ఐదింట నాలుగు పాళ్లకు మించి ఇండోనేషియా, మలేషియా దేశములందే తయారగుచున్నది. దానిని విదేశములనుండి కొనువారిలో ప్రపంచమున మొదటివారము మనమే. మన దేశము ఏటేట దిగుమతి చేసికొనెడి వంటనూనెలన్నియు కలసి సుమారు 160 లక్షల టన్నులు. అందు పామాయిల్ 75 మొదలు 100 లక్షల టన్నుల వరకు ఉండును. "మా యింట పామాయిల్ పొట్లము కొనము" అనువారును దీనికి వెలుపలివారు కారు. బజారున తిన్న మిర్చిబజ్జీలోను, పిల్లవానికి కొనియిచ్చిన బిస్కట్టులోను, స్నానపు సబ్బులోను అది పేరు చెప్పకయే మన యింటికి వచ్చుచున్నది. ప్రభుత్వమే దానిని ఇంటింటికి పంపిన కాలమును కలదు. 2013లో ఉమ్మడి రాష్ట్రమున అమ్మహస్తము పేర 185 రూపాయలకు తొమ్మిది సరకుల నిచ్చినప్పుడు అందు పామాయిల్ యొకటి. 2022 ఏప్రిల్ మాసాంతమున ఇండోనేషియావారు ఎగుమతిని నిలిపివేయగా, సుమారు మూడు వారములకే ఇచ్చటి అంగళ్లలో కలవరము పుట్టినది. ఆ దేశపు అడవికిని మన బాణలికిని ఎంత దగ్గరి చుట్టరికమో దానివలన తెలిసినది.

ఇక అడవి యెట్లు పోవుచున్నదో వినుడు. సుమత్రా, బోర్నియో ద్వీపములందు నీటితో నానిన ఆకులు, కొమ్మలు, వేళ్లు వేల యేండ్లుగా కుళ్లక పేరుకొని యేర్పడిన నేలలు కలవు. అట్టి నేలను తోటకు తేవలెనన్న మొదట కాలువలు త్రవ్వి నీటిని పారదోలుదురు. ఎండిన ఆ నేల కట్టెవలె మండును. పైన మంట చల్లారినను లోపల వారముల తరబడి రగులుచుండును. 2015లో ఇండోనేషియాలో సుమారు 26 లక్షల హెక్టార్లు, అనగా మన లెక్కకు 65 లక్షల ఎకరములకు దగ్గర, కాలిపోయినవి. ఆ పొగ సింగపూరును, మలేషియాను గూడ క్రమ్మినది. ఆ మంటలన్నియు పామాయిల్ కొరకే యనుట సత్యము కాదు. కాగితపు గుజ్జునకై పెంచెడి తోటలును, చిన్న రైతులు పెట్టిన నిప్పును, కరవును అందు కలసినవి. అయినను ఆ ద్వీపముల అడవి తరుగుటకు గల పెద్ద కారణములలో పామాయిల్ యొకటి. ఆ అడవులలో ఒరాంగుటాన్ అను పెద్దకోతి జాతి కలదు. మలయు భాషలో ఆ మాటకు అడవి మనిషి యని యర్థము. తన యిల్లు కాలుట చూచి తోటలలోనికి వచ్చి చచ్చుచున్న ఆ జీవికి మనిషి యని పేరు పెట్టినవారు మనుష్యులే.

పరదేశపు అడవి మన కూటికై తరుగుట ఇదియే మొదలు కాదు. బర్మాలో ఐరావతీ నది ముఖమున నుండిన అడవులను పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున నరికి వరిమళ్లు చేసిరి. 1850 ప్రాంతమున పది లక్షల ఎకరములకు లోపుగా నుండిన దిగువ బర్మా వరిసాగు, 1930 తరువాత ఎనుబది లక్షల ఎకరములకు మించినది. ఆ బియ్యము మన దేశమునకు ఓడలలో వచ్చుచుండెను. రంగూను మిల్లులలో బస్తాలు మోసినవారిలో మన తెలుగువా రెందరో. కోరంగి రేవు పేరనే వారిని అచ్చటివారు కోరంగీలని పిలిచిరి. మలయాలో రబ్బరు తోటలందును తెలుగు కూలీలు పనిచేసిరి. బియ్యము తిన్నవాడు అడవిని చూడలేదు. అడవి నరికినవాడు తిన్నవానిని చూడలేదు. ఇద్దరి నడుమ సముద్రమొకటి, వర్తకులు పలువురు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఈ తప్పు ఎవరిది? నరికినవానిదా, నరుకుట కనుమతిచ్చిన ప్రభుత్వముదా, అమ్మిన వర్తకునిదా, తిన్నవానిదా?

మన గ్రంథములలో దీనికి రెండు త్రోవలు కనబడుచున్నవి. మనుస్మృతి ఐదవ అధ్యాయమున జీవహింసను గూర్చి చెప్పుచు, అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, వీరందరును ఘాతకులే యని చెప్పినారు. కత్తి పట్టనంత మాత్రమున చేయి శుభ్రమైనట్లు కాదని దాని భావము. రెండవది, వాల్మీకిని గూర్చి జనము చెప్పుకొనెడి కథ. దారిదోపిడి చేసి ఇల్లు నడపుచుండిన ఆ బోయవానిని, "నీ పాపములో నీవారు పాలు పంచుకొందురేమో అడిగి రమ్ము" అని మునులు పంపిరి. అతడడుగగా, "మమ్ము పోషించుట నీ ధర్మము, ఎట్లు తెచ్చితివో ఆ పాపము నీది" యని ఆలుబిడ్డలనిరి. చేసినవాడే కర్త, తిన్నవారికి పాలు లేదు. ఇది రెండవ త్రోవ.

ఈ రెంటిలో ఏది సత్యము? మొదటిదానినే పట్టుకొన్నచో చిక్కొకటి కలదు. బడిలో అద్దము పగిలి, పగులగొట్టినవాడు తెలియనప్పుడు తరగతినంతటిని నిలువబెట్టుట కొందరు ఉపాధ్యాయుల పద్ధతి. దానివలన నలువదిమంది పిల్లలు దెబ్బలు తిందురు. పగులగొట్టినవానికి మాత్రము నలువదవ వంతు దెబ్బయే తగులును. వాడు లోలోపల సంతోషించును. "అందరమును దోషులమే" అను మాట పలికినప్పుడెల్ల అసలు దోషి తేలికగా నిట్టూర్చుచుండును. ఇక రెండవదానినే పట్టుకొన్నచో మరియొక చిక్కు. ఆ బోయవాని ఆలుబిడ్డల మాట న్యాయముగా తోచినను, వారు తినుట మానలేదు గదా! తినువారుండగా తెచ్చువాడు తెచ్చుచునే యుండును.

కావున పాలు అందరికిని కలదు గాని సమానముగా లేదని నాకు తోచుచున్నది. దానిని కొలుచుటకు మూడు మానికలు కావలెను. జ్ఞానమొకటి, శక్తి యొకటి, లాభమొకటి. తెలిసి చేసినవా డెంత? మాన్పగల శక్తి యుండియు మాన్పనివా డెంత? దానివలన మిగుల్చుకొన్నవా డెంత?

ఈ మూడు మానికలతో కొలిచి చూడుడు. వేల ఎకరముల అడవిని పొందిన తోటల కంపెనీకిని, దానికి అనుమతి వ్రాసియిచ్చిన అధికారికిని మూడును నిండుగా నున్నవి. ఓడలకు ఓడలు నూనె తెప్పించెడి వర్తకునికిని, సుంకములు నిర్ణయించెడి ప్రభుత్వములకును జ్ఞానమును శక్తియు కలవు. ఇండోనేషియాలో పామ్ తోటల విస్తీర్ణమున సుమారు నూటికి నలువది వంతులు చిన్న రైతుల చేతిలో నున్నది. నాలుగైదు ఎకరములతో పిల్లల చదువు గడుపుకొనెడి ఆ రైతును కంపెనీతో ఒక గాట కట్టుట తగదు. ఇక మన కోరుట్లలోనో, సిరిసిల్లలోనో దినమంతయు బీడీలు చుట్టి, వచ్చిన కూలితో అంగడిలో అన్నిటికంటె చౌకయైన నూనె పొట్లమును కొనెడి యాడుబిడ్డకు ఈ మూడింటిలో ఏమి కలదు? అడవి సంగతి ఆమెకెవరును చెప్పలేదు. మరియొక నూనె కొను శక్తి లేదు. ఆమెకు మిగిలిన లాభము నాలుగు రూపాయలు. ఆమెవంక వ్రేలు చూపువాడు ధర్మము తెలియనివాడు. మన ప్రాంతమున పలు గ్రామములందు గ్రామాభివృద్ధి కమిటీల కట్టుబాటు గట్టిది. దానివలన మంచి పనులెన్నో జరిగినవి. ఒక్కొక్కచోట దానినే కుటుంబములను వెలివేయుటకు వాడిరని పత్రికలలోను చదివినాము. సమష్టి బాధ్యత యనగా బలహీనునిపై బలగము పడుట కాదని మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే మధ్యతరగతి గృహస్థుని సంగతి యేమి? మీ సంగతి, నా సంగతి? మనకు జ్ఞానము కొంత వచ్చినది, శక్తియు కొంత కలదు. "నేనొక్కడను మానినంత మాత్రమున ఏ చెట్టు నిలుచును?" అను మాట మన నోట వచ్చును. దీనికి లెక్కతోనే బదులు చెప్పెదను. తోటలో ఒక హెక్టారున ఏటికి సగటున సుమారు మూడున్నర టన్నుల పామాయిల్ వచ్చును. అనగా కిలో నూనెకు కావలసిన నేల సుమారు మూడు చదరపు మీటర్లు, ఒక నులకమంచము వాల్చునంత. ఏటికొక కిలో తగ్గించుకొన్న మనిషి మంచమంత నేలను విడిచిపెట్టినాడు. అది స్వల్పమే. కాని మన దేశమున నూట నలువది కోట్ల మంది కలరు. అందరును ఏటికొక్క కిలో తగ్గించినచో 14 లక్షల టన్నులు. నేల లెక్కకు పది లక్షల ఎకరములు. పైగా ఆ కిలో తగ్గించుకొనుట వ్రతమేమియు కాదు. ఏటికి మనిషికి 12 కిలోల నూనె చాలునని ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, మన దేశమున సగటున 19 కిలోలకు పైగా వాడుచున్నారు. గుండెజబ్బులకు మందులు కొనెడివారికి ఈ లెక్క చెప్పవలెనా?

అయినను ఒక్క మాట దాచరాదు. ఒక్కొక్కరు విడివిడిగా మానుకొనుటచేతనే అడవి నిలుచునని నేననను. ఏలయనగా, పామ్ చెట్టు ఇతర నూనెగింజలకంటె ఎకరమునకు ఎన్నో రెట్లు నూనె నిచ్చును. దానిని విడిచి అంత నూనెయు సోయాచిక్కుడునుండి తీయబోయినచో మరింత నేల కావలెను. ఆ నేలకై బ్రెజిలు దేశమున మరియొక అడవి పోవచ్చును. కావున నూనె ఏది యను ప్రశ్నకంటె, ఆ నూనె అడవి నరికిన నేలదా, పాత తోటదా యను ప్రశ్న ముఖ్యము. ఆ ప్రశ్నకు గృహస్థుడొంటరిగా సమాధానము కనుగొనజాలడు. పొట్లముపై ధర యుండును గాని అడవి కథ యుండదు. ఇచ్చటనే సమష్టి పని మొదలగును.

సమష్టి పని యనగా ఏమో రెండు దృష్టాంతములు చెప్పెదను. 2006లో బ్రెజిలు దేశమున సోయా కొనెడి పెద్ద వర్తకులందరు కూడి, ఆనాటినుండి అమెజాను అడవిని నరికి పండించిన సోయాను కొనమని కట్టుబాటు చేసికొనిరి. అంతకు ముందు రెండేండ్లలో క్రొత్తగా సోయా వేసిన నేలలో నూటికి ముప్పది వంతులు అడవి నరికినది. కొన్నేండ్లకు అది నూటికి ఒకటి మాత్రమైనది. కోట్లమంది వ్యక్తులు చేయలేనిదానిని కొలదిమంది కొనుగోలుదారులు కూడి చేసిరి. ఇటీవల దానిని తొలగించుటకును అచ్చట ప్రయత్నములు జరిగినవి. కావలి లేని కట్టుబాటు నిలువదు.

రెండవ దృష్టాంతము మన సిరిసిల్లదే. అచ్చటి నేతవారు పనిలేక భీవండికి, సూరత్తునకు వలసపోవుచుండిన దినములు మీరెరుగుదురు. "సిరిసిల్ల గుడ్డయే కొనుడు" అని ఇంటింట చెప్పిన ఎందరు కొనియుందురు? 2017 మొదలు కొన్నేండ్లు ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను ఆ మరమగ్గములకు ఒప్పగించి, ఏటేట సుమారు కోటి చీరలు కొన్నది. మగ్గములు ఆడినవి. ఆ చీరల మంచిచెడ్డలపై వాదములున్నను, కలసి కొనుటలోని బలము మాత్రము కనబడినది.

అట్లని సమష్టి పేర చెప్పిన మాటలన్నియు నిలిచినవని కాదు. 2014లో న్యూయార్కున పలు దేశములు, కంపెనీలు కలసి 2020 నాటికి అడవుల నష్టమును సగము చేయుదుమని ప్రతిజ్ఞ చేసిరి, చేయలేదు. 2021లో గ్లాస్గో నగరమున నూటముప్పదికి పైగా దేశములు మరల ప్రతిజ్ఞ చేసినవి. మన దేశము అందు చేరలేదు. ఐరోపా సమాఖ్య 2023లో, అడవి నరికిన నేలనుండి వచ్చిన సరకును తమ విపణిలోనికి రానీయమని శాసనము చేసినది. దాని అమలు వాయిదాలు పడినది. అందరి పని యన్నప్పుడు ఎవరి పనియు కాకపోవుట ఊరిలోనే కాదు, ప్రపంచమునందును కలదు.

ఇండోనేషియావాడు మనలనొక ప్రశ్న అడుగవచ్చును: "మీ తాతలు అడవి కొట్టి పొలములు చేసికొన్నారు. మీ గోదావరి యొడ్డున టేకడవులు ఏమైనవి? మీరు బాగుపడి ఇప్పుడు మమ్ము ఆపుదురా?" దీనికి మనయొద్ద ఎదురుమాట లేదు. అందుచేత వారిని తిట్టు అధికారము మనకు లేదు. పాలు పంచుకొను బాధ్యత మాత్రమే కలదు. చౌకగా కావలెనని బేరమాడుచు, అడవి నిలుపుమని బోధించుట రెండు నాలుకల మాట. 2021నుండి కేంద్రప్రభుత్వము మన దేశముననే ఆయిల్ పామ్ పెంచుటకు పథకము పెట్టినది. మన జిల్లాలలోను ఆ తోటలు లేచుచున్నవి. సాగులో నున్న పొలమున నాటిన తోటవేరు, చెట్లు కొట్టి నాటిన తోటవేరు. ఆ భేదమును మన ఊరిలో మనము పాటించినప్పుడే సముద్రము కావలివానిని అడుగుటకు నోరు వచ్చును.

ఇక మనము చేయదగినదేమి? మన చెరువునే చూడుడు. తన మడి కాలువ పూడిక తీసికొనుట ఎవరి పని వారిది. తూము ఎత్తుట, దించుట నీరడి పని. కట్ట గండిపడకుండ చూచుట ఊరందరి పని. కట్ట తెగినప్పుడు "నా కాలువ శుభ్రముగా నున్నది" యనువాని పొలమును మునుగును. కట్ట గట్టిగా నున్నను తన కాలువ పూడ్చుకొన్నవానికి నీరందదు. వ్యక్తి పనికిని సమష్టి పనికిని తగవు లేదు. ఒకదానికి బదులు మరియొకటి పనికిరాదు.

ఆ రీతినే ఇచ్చటను. ఇంటిలో నూనె కొంత తగ్గించుట, వీలైనవారు తమ చేని నువ్వులనో, పల్లీలనో గానుగ పట్టించుకొనుట కాలువ పని. అది చిన్నది, నేడే చేయదగినది. ఊరి బడిలో మధ్యాహ్న భోజనమునకు, అంగన్వాడీకి, గుడిలో ప్రసాదమునకు, పెండ్లిండ్లకు నూనె యెచ్చటిది కొనుచున్నారని అడుగుట, కలసి కొను దారి చూచుట తూము పని. అది మీవంటి పెద్దల మాటకే సాగును. దిగుమతియగు నూనె అడవి నరికిన నేలదా కాదా యను సంగతి పొట్లముపై వ్రాయవలెనని, చౌక నూనెపై బ్రదుకు బీదలకు భారము కాకుండ ఆ కట్టుబాటు చేయవలెనని శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని అడుగుట కట్ట పని. ఓటుకై వచ్చినవానిని రోడ్డు అడుగుదుము, పింఛను అడుగుదుము. ఇది కూడ అడిగినచో తప్పేమి?

తెలియనంతవరకు మన పాలు మంచమంత. తెలిసిన తరువాత మన పాలు మన శక్తియంత. ఈ ప్రసంగము విన్న మీకు నేటినుండి "తెలియదు" అను మాట చెల్లదు. చెప్పిన నాకును చెల్లదు. ఆ బోయవాని ఆలుబిడ్డలవలె "ఆ పాపము నీదే" యని తలుపు వేసికొనక, మన వంతు మనము మోయుదము గాక.